మార్కులు తగ్గిన ఏడాది గురించి ఎక్కడ రాయాలి?

అమెరికా కాలేజీలకి ఉమ్మడిగా అప్లై చేసే కామన్ యాప్ ఆగస్టు ఒకటిన తెరుచుకున్న దగ్గర్నుంచీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే ప్రశ్న. ఇంట్లో ఇలా జరిగింది, చదువు దెబ్బతింది, అప్లికేషన్‌లో చెప్పుకోవచ్చా, చెబితే ఎక్కడ, ఎంత. అందుకని ఈసారి వీసా ఇంటర్వ్యూలూ స్కాలర్‌షిప్పులూ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కంగారు పడకండి.

మేడమ్, మాది ఖమ్మం. ఎంపీసీ సెకండియర్. మా నాన్న మిర్చి మార్కెట్‌లో గుమాస్తా. నేను ఫస్టియర్‌లో ఉండగా ఆయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. టెన్త్‌లో నాకు 9.8 జీపీఏ, ఫస్టియర్‌లో 470కి 371 వచ్చాయి. ఇంప్రూవ్‌మెంట్ రాస్తే 429 అయ్యాయి. అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేస్తున్నా. నాన్న సంగతి మెయిన్ ఎస్సేలో రాశాను, అడిషనల్ ఇన్ఫర్మేషన్‌లో రాశాను, ప్రిన్సిపాల్ గారి లెటర్‌లో కూడా రాయిద్దామనుకుంటున్నా. నాన్నకు ఇది నచ్చట్లేదు, ఇంటి గుట్టు ఊరందరికీ చెప్పుకుంటావా అంటున్నారు. ఎస్సే జత చేశాను, చదివి చెప్పండి.
— విద్యార్థి, ఖమ్మం

బాబూ, నీ ఎస్సే రెండుసార్లు చదివాను. 640 పదాల్లో 'కన్నీళ్లు' ఏడుసార్లు వచ్చింది. అంత రాసినా, మీ నాన్నకు ఏ నెలలో జబ్బు బయటపడిందో, నువ్వు ఎన్ని రోజులు కాలేజీ మానావో, ఎందుకు నువ్వే వెళ్లాల్సి వచ్చిందో నాకు తెలియలేదు. అవన్నీ నీకు మళ్లీ మెయిల్ పెట్టి అడిగి తెలుసుకున్నవే. నేనైతే అడగగలిగాను, అప్లికేషన్ చదివే ఆవిడ అడగదు, ఆవిడకి నీ తర్వాత ఇంకా బోలెడు ఫైళ్లు ఉంటాయి.

ఎస్సే మొత్తంలో నా కన్ను ఆగింది ఒక్క చోటే. డయాలసిస్ గదిలో ఏసీ చలికి నాన్న దుప్పటి చివర నీ కాళ్లమీదకి లాక్కుని ఫిజిక్స్ లెక్కలు చేసుకునేవాడివని, మెషిన్ కూత పెట్టినప్పుడల్లా సిస్టర్‌ని పిలవడానికి పెన్ను మూత పెట్టకుండానే లేచేవాడివని, ఆ నోట్సులో ఇప్పటికీ సిరా మరకలున్నాయని రాశావు చూడు, అదీ. దానికి ముందూ వెనకా ఉన్న బాధంతా ఎవరైనా రాయగలిగిందే.

ఇప్పుడు అసలు విషయం. కామన్ యాప్‌లో మెయిన్ ఎస్సే వేరు, నీ పరిస్థితులు చెప్పుకునే పెట్టె వేరు. ఎస్సే 650 పదాల దాకా రాయొచ్చు, అది నువ్వు ఎలాంటివాడివో చెప్పడానికి. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పడానికి వేరే చోటు ఉంది. కోవిడ్ రోజుల్లో మొదలైన ఆ ప్రశ్నని 2025-26 నుంచి 'ఛాలెంజెస్ అండ్ సర్కమ్‌స్టాన్సెస్' అని పేరు మార్చి ఉంచారు, 250 పదాలు. అది కాక అడిషనల్ ఇన్ఫర్మేషన్ అని ఇంకోటి, అది ఇదివరకు 650 పదాలు ఉండేది, ఇప్పుడు 300కి కుదించారు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి 650 పదాలు రాసుకుని కూర్చున్నవాళ్లు ఈ నెలలోనే నాకు ముగ్గురు తగిలారు. నీది కూడా అంతే ఉంది, ఎటూ కత్తిరించాల్సిందే.

మీ నాన్న సంగతి ఛాలెంజెస్ పెట్టెలో పెట్టు, అక్కడొక్కచోటే పెట్టు. మూడు చోట్లా అదే కథ చదివినావిడకి నీ గురించి తెలిసేది ఒకటే, మీ నాన్నకు ఒంట్లో బాలేదని. ఎస్సేకి నీ ఉత్తరం చివర్లో ఏదో చిన్న సంగతిలా రాసేశావే, నాన్న పనిచేసే కొట్లో తేజ మిర్చి ధర మూడేళ్లుగా రోజూ ఓ నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నానని, ఏ వారం ధర ఎందుకు పడిందో పక్కన రాసుకుంటానని, దాన్ని పట్టుకో. నాకు ఆ కుర్రాణ్ని కలవాలనిపించింది. ఏడ్చే కుర్రాడి మీద జాలేసింది అంతే, జాలికి సీటు రాదు.

పెట్టెలో ఏం రాయాలో తెలుగులోనే చూపిస్తా, నువ్వు ఇంగ్లీషులో నీ మాటల్లో పెట్టుకో. నువ్వు నాకు మెయిల్‌లో చెప్పిన వివరాలే ఇవి.

"2024 ఆగస్టులో మా నాన్నకు రెండు కిడ్నీలు పనిచేయడం లేదని తేలింది. అక్టోబర్ నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఆ వేళకి రాలేదు, అందుకని మంగళ, గురు, శనివారాలు నేనే తీసుకెళ్లేవాణ్ని. మెషిన్ మీద నాలుగు గంటలు, రానూపోనూ కలిపి ఆరు గంటలు. పరీక్షల లోపు 58 రోజులు కాలేజీ మానాను, హాజరు 75 శాతం కన్నా తగ్గడంతో బోర్డుకి ఫీజు కట్టి పరీక్ష రాశాను. 470కి 371 వచ్చాయి. ఏప్రిల్ నుంచి మా బాబాయి మాతోనే ఉంటున్నాడు, నాన్నను ఆయన తీసుకెళ్తున్నాడు. మేలో మళ్లీ పరీక్ష రాస్తే 429 వచ్చాయి. సెకండియర్‌లో ఇప్పటిదాకా కాలేజీ మానలేదు."

అంతే. ఎప్పుడు మొదలైంది, నీ రోజుని ఎలా తినేసింది, మార్కుల మీద ఎంత పడింది, ఇప్పుడు ఎలా ఉంది. 'దయచేసి నన్ను అర్థం చేసుకోండి' అని చివర్లో ఒక వాక్యం రాశావు, కొట్టెయ్. ముఖ్యమైంది బాబాయి వాక్యం, అది నీ డ్రాఫ్టులో లేనే లేదు. చదివేవాళ్లకి మనసులో ఉండే అనుమానం, ఈ పిల్లాడు ఇక్కడికొచ్చాక కూడా ఇంటి దగ్గర ఇదే నడుస్తుంటే చదవగలడా అని. ఇప్పుడు నాన్నను చూసుకునే మనిషి ఉన్నాడని ఒక్క ముక్క చెబితే ఆ అనుమానం పోతుంది. 429 సంగతి కూడా అంతే, వీలు దొరకగానే ఏం చేశావో అదే చెబుతుంది, నువ్వు విడిగా 'నేను పట్టుదల గలవాణ్ని' అని రాసుకోనక్కర్లేదు.

ఇంటర్ గురించి ఒక మాట. మన ఇంటర్‌లో 470కి 371 అంటే ఏంటో, ఇంప్రూవ్‌మెంట్ అంటే ఏంటో ఒహాయోలో కూర్చున్న మనిషికి తెలియాలని లేదు. 79 శాతం అంటే అక్కడి లెక్కలో సీ ప్లస్‌లా కనిపిస్తుంది. అమెరికా స్కూళ్లు స్కూల్ ప్రొఫైల్ అని ఒకటి పంపుతాయి, మా దగ్గర మార్కులు ఇలా వేస్తాం, ఈ కోర్సులు ఉంటాయి అని. మన జూనియర్ కాలేజీల్లో చాలావాటికి ఆ కాగితమే ఉండదు. ప్రిన్సిపాల్ గారిని అడుగు, లేకపోతే ఒక పేజీ తయారు చేయించు: బోర్డు ఏది, మొత్తం ఎన్ని మార్కులు, మీ కాలేజీలో కిందటేడు ఎంతమందికి ఎన్ని వచ్చాయి, రోజుకి ఎన్ని గంటల క్లాసులు. అది నీ మాటగా వెళ్లకూడదు, కాలేజీ మాటగా వెళ్లాలి.

ప్రిన్సిపాల్ గారి లెటర్ కూడా అంతే. మన దగ్గర మామూలుగా జరిగేదేంటో నాకు తెలుసు, 'నువ్వే రాసుకుని రా, సంతకం పెడతా' అంటారు. ఒప్పుకోకు. తారీఖులు, హాజరు, మార్కులు ఒక కాగితం మీద రాసివ్వు, ఆయన చూసింది ఆయన రాస్తారు. నువ్వు మానిన 58 రోజులు ఆయన రిజిస్టర్‌లో ఉన్నాయి. ఆయన రెండు వాక్యాలు రాసినా నీ పేజీన్నర కన్నా బరువు. మెడికల్ రిపోర్టులు మాత్రం జత చేయకు, ఎవరూ అడగలేదు. అడిగితే ఇవ్వడానికి ఇంట్లో ఉంచుకో.

ఇంకోటి, నీ యాక్టివిటీస్ లిస్టులో పదింటికి మూడే నింపావు. నాన్నను తీసుకెళ్లడం అక్కడెందుకు లేదు? కామన్ యాప్‌లో ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్ అని ఒక రకమే ఉంది, డిబేట్ క్లబ్బూ క్రికెట్టూ ఉన్న వరసలోనే. వారానికి 18 గంటలు, ఇన్ని వారాలు అని పెట్టి 150 అక్షరాల్లో చెప్పు. ఇది అదే విషయం రెండోసారి చెప్పడం కాదు, ఇక్కడ గంటలు చెబుతున్నావు, అక్కడ కారణం చెబుతున్నావు. మన పిల్లలు ఇంటి పనిని పని కింద లెక్కేసుకోరు. పదేళ్ల కిందట పక్షవాతం వచ్చిన నానమ్మను రెండేళ్లు చూసుకున్న అమ్మాయి ఒకతె నా దగ్గరికి వస్తే 'ఇవన్నీ ఎందుకమ్మా, ఒలింపియాడ్ రాశావుగా, అది పైన పెట్టు' అని నేనే ఆ లైను తీయించాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, తల ఊపి కొట్టేసింది. ఆ తల ఊపడం నాకింకా గుర్తుంది.

డబ్బు సంగతి ఈ పెట్టెలో కలపకు. దానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఆర్థిక సాయం ఫారం అడిగే కాలేజీలుంటాయి, జీతం ఎంత పడిపోయిందో ఆస్పత్రి ఖర్చెంతో చెప్పుకోవడానికి అందులోనే చోటు ఉంటుంది. సాయం అడిగితే విదేశీ పిల్లల విషయంలో చాలా కాలేజీలు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయన్నది నిజం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ లాంటి కొద్ది చోట్లే అడ్మిషన్ దగ్గర డబ్బు చూడరు. అలాగని అడక్కుండా వెళ్తే తర్వాత కట్టేదెవరు? నీకు కావాలి కాబట్టి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు.

మీ నాన్నతో మాట్లాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నది పెద్దాయన భయం, దాన్ని కొట్టిపారేయకు. పైన రాసిన పేరా తెలుగులో ఆయనకి చదివి వినిపించు. అందులో ఆయన్ని తక్కువ చేసిన మాట ఒక్కటీ లేదు. ఆయన వద్దన్న వివరం ఏదైనా ఉంటే, జబ్బు పేరే వద్దంటే, 'తీవ్రమైన అనారోగ్యం, వారానికి మూడు రోజులు ఆస్పత్రి' అని రాసినా సరిపోతుంది. జబ్బు ఆయనది, చెప్పే హక్కు ఆయనకీ ఉంది.

నమస్తే అండీ. మేం టెక్సాస్‌లో ఉంటాం. పాప ట్వెల్త్ గ్రేడ్. టెన్త్ గ్రేడ్ మధ్యలో మావారి ఉద్యోగం పోయింది, హెచ్1బీ కదా, అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాల్సి వచ్చి న్యూజెర్సీ నుంచి ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చేశాం. కొత్త స్కూల్లో ఏపీ కెమిస్ట్రీలో (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు) మధ్యలో చేర్చుకోలేదు, ఆ సెమిస్టర్‌లో గ్రేడ్లు కూడా పడ్డాయి. పాప ఎక్కడా జాబ్ గానీ పెయిడ్ ఇంటర్న్‌షిప్ గానీ చేయలేదు, తనది హెచ్4, డిపెండెంట్ వీసా కాబట్టి. ఇవన్నీ రాద్దామంటే మావారు వీసా మాట ఎత్తొద్దు, రిస్కు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఓ తల్లి, టెక్సాస్

అమ్మా, మీవారి భయం అర్థమవుతుంది, ఈ రోజుల్లో వీసా అనగానే ఎవరికైనా గుండె దడే. కానీ అప్లికేషన్ ఫారంలో పౌరసత్వం ఏంటి, వీసా ఏంటి అని వాళ్లే అడుగుతారు, మీరు నింపుతారు. చట్టప్రకారం ఉన్నారు, దాచేదేమీ లేదు. కాబట్టి మీరు రాసేది కొత్త రహస్యం కాదు, వాళ్ల దగ్గర ఉన్న ఒక ముక్కకి అర్థం చెప్పడం.

మీరు చివర్లో ఒక్క లైనులో రాసింది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది, జాబ్ సంగతి. అక్కడి పిల్లలు పదహారో ఏట ఐస్‌క్రీమ్ షాపులోనో స్విమ్మింగ్ పూల్ దగ్గరో పని చేస్తారు, అది అప్లికేషన్‌లో రాస్తారు, దాన్ని కాలేజీలు బాగానే చూస్తాయి. హెచ్4 మీదున్న పిల్లలు జీతం తీసుకుని పని చేయకూడదు. ఇది చదివేవాళ్లలో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. తెలియనివాళ్లకి మీ పాప ఎండాకాలాలు ఖాళీగా గడిపినట్టు కనిపిస్తుంది. అడిషనల్ ఇన్ఫర్మేషన్‌లో ఒక్క వాక్యం: నా వీసా ప్రకారం జీతం తీసుకుని పని చేసే వీలు లేదు, అందుకని వేసవిలో ఇదిగో ఇది చేశాను. ఆ 'ఇదిగో ఇది' తప్పనిసరిగా ఉండాలి. లైబ్రరీలో ఉచితంగా పనిచేసినా, తమ్ముడికి లెక్కలు చెప్పినా, గుళ్లో ఆదివారం తెలుగు బడి నడిపినా సరే.

స్కూల్ మారడం గురించి పాత స్కూల్ వివరాలు నింపేచోటే ఎందుకు మారారో రాయడానికి వీలుంటుంది. అక్కడ తారీఖులతో చెప్పేయండి: నాన్న ఉద్యోగం పోయింది, వీసా నిబంధన వల్ల అరవై రోజుల గడువు, ఫిబ్రవరిలో మారాం. ఏపీ కెమిస్ట్రీ సంగతి పాప కాదు, కౌన్సిలర్ చెప్పాలి. అక్కడి స్కూల్ కౌన్సిలర్ చేతిలో వందల మంది పిల్లలుంటారు, మీ పాప రెండేళ్ల కిందట ఎందుకు వచ్చిందో ఆవిడకి గుర్తుండదు. పాపనే వెళ్లి పదినిమిషాలు టైమ్ అడగమనండి. మీరు వెళ్లకండి. మీరు వెళ్తే ఆవిడ లెటర్‌లో పాప గొంతు ఉండదు, మీ టెన్షన్ ఉంటుంది. కోపగించుకోకండి, మన తల్లిదండ్రులు ఇందులో గట్టివాళ్లం.

టెన్త్ గ్రేడ్ రెండో సెమిస్టర్ తర్వాత గ్రేడ్లు మళ్లీ లేచాయా లేదా మీరు రాయలేదు. లేచి ఉంటే ఇది మూడు వాక్యాల పని. లేవకపోతే స్కూల్ మారడం ఒక్కటే కారణమని రాయకండి, లెవెన్త్‌లో ఏమైందని చదివేవాళ్లు అడుగుతారు. కాలిఫోర్నియా యూనివర్సిటీలకి కూడా పెడుతుంటే అది వేరే అప్లికేషన్, 350 పదాల ప్రశ్నలు ఎనిమిదింటిలో నాలుగు రాయాలి, అడిషనల్ కామెంట్స్‌కి విడిగా చోటుంటుంది. వాళ్లు మామూలుగా కౌన్సిలర్ లెటర్లు తీసుకోరు, కాబట్టి అక్కడ అంతా పాపే చెప్పుకోవాలి. కామన్ యాప్‌లో రాసింది తీసుకెళ్లి అక్కడ అతికిస్తే కుదరదు.

ఒకటి మర్చిపోకండి, హెచ్4 పిల్లలకి ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం రాదు, చాలా కాలేజీలు సాయం విషయంలో వాళ్లని విదేశీ విద్యార్థుల్లాగే చూస్తాయి. ప్రతి కాలేజీకీ విడిగా మెయిల్ పెట్టి కనుక్కోండి, పక్కింటివాళ్ల అబ్బాయికి వచ్చిందంటే వాళ్లకి గ్రీన్ కార్డ్ ఉందేమో.

మేడమ్, మా అబ్బాయికి కన్సల్టెన్సీ వాళ్లు ఎస్సే రాసిచ్చారు. అందులో వాళ్ల నాన్న చనిపోయినట్టు, నేను కూలికి వెళ్లి చదివిస్తున్నట్టు ఉంది. మావారు నిక్షేపంగా ఉన్నారు, ఇద్దరం టీచర్లం. అడిగితే 'అందరూ ఇలాగే రాస్తారు, స్కాలర్‌షిప్ రావాలంటే ఇదే దారి' అంటున్నారు. సగం ఫీజు కట్టేశాం.
— విజయవాడ

కట్టిన సగం పోనివ్వండి. ఆ కన్సల్టెన్సీ గడప మళ్లీ తొక్కకండి.

2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో ఏం జరిగిందో వాళ్లకి చెప్పండి. మన దేశం నుంచి వెళ్లిన ఒక కుర్రాడు తండ్రి చనిపోయాడని నకిలీ మరణ ధ్రువపత్రం పెట్టి, మార్కుల పత్రాలు కూడా తయారు చేసుకుని పూర్తి స్కాలర్‌షిప్ సంపాదించాడు. తన గొప్ప తనే పేరు లేకుండా రెడిట్‌లో రాసుకున్నాడు, ఎవరో చదివి పట్టుకున్నారు. అరెస్టయ్యాడు, సీటు పోయింది, ఇండియాకి తిరిగొచ్చాడు. తండ్రి బతికే ఉన్నాడు.

అదీ కాక, సంతకం మీ అబ్బాయిది. ఇందులో రాసిందంతా నిజం అని అప్లికేషన్ చివర అతనే ఒప్పుకుని పంపుతాడు, కన్సల్టెన్సీ పేరు ఎక్కడా ఉండదు. రేపు ఏదైనా తేడా వస్తే వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు. ఇద్దరు టీచర్ల జీతంతో అమెరికా ఫీజు కట్టడం కష్టమే, ఆ నిజం ఫైనాన్షియల్ ఫారాల్లో ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు. దానికి ఎవర్నీ చంపక్కర్లేదు.

హాయ్ మేడమ్, బీటెక్ ఫైనల్ ఇయర్, కరీంనగర్. ఎంఎస్‌కి అమెరికా, జర్మనీ రెండూ చూస్తున్నా. సెకండియర్ రెండో సెమ్‌లో నాలుగు బ్యాక్‌లాగ్స్, అన్నీ క్లియర్ చేశా. నిజం చెప్పాలంటే కారణం ఏం లేదు, హాస్టల్‌లో తిరిగాను, చదవలేదు. ఫ్రెండ్స్ డెంగీ అని రాయమంటున్నారు. ఇంటర్ ఫస్టియర్ మెమోలో మ్యాథ్స్‌లో 75కి 26, ఫిజిక్స్‌లో 60కి 21 ఉన్నాయి, అవి కూడా తలనొప్పిగా ఉన్నాయి.

తమ్ముడూ, కారణం లేదని ఒప్పుకున్నందుకు ముందు నీకో షేక్‌హ్యాండ్. డెంగీ వద్దు. నాలుగు సబ్జెక్టులు పోగొట్టేంత డెంగీ వస్తే ఆస్పత్రి కాగితం ఉంటుంది, ప్లేట్‌లెట్ల లెక్కలుంటాయి, నీ దగ్గర ఏవీ లేవు.

బ్యాక్‌లాగ్ దాచలేవు, ఏ పేపర్ ఏ నెలలో పాసయ్యావో మెమోల్లో ఉంటుంది. ఎస్ఓపీలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) దాని గురించి పేరా రాయకు, ఎస్ఓపీ నువ్వు ఏం చదవాలనుకుంటున్నావో చెప్పడానికి. అదనపు సమాచారం అడిగే చోట రెండు వాక్యాలు చాలు: రెండో ఏడాది చదువు మీద దృష్టి పెట్టలేదు, నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఆ తర్వాతి సప్లిమెంటరీలో అన్నీ పాసయ్యాను, అప్పటినుంచి సెమిస్టర్ మార్కులు ఇవి. పోయినవాటిలో నువ్వు ఎంఎస్ చేద్దామనుకున్న సబ్జెక్టు ఉందా? ఉంటే ఆ పేపర్ గురించి ఇంకో వాక్యం కావాలి, తర్వాత అదే అంశంలో ప్రాజెక్టు చేశాననో ఏదో. లేకపోతే అక్కడితో ఆపెయ్. కొన్ని చోట్ల, ఉదాహరణకి బర్క్‌లీలో, ఎస్ఓపీ కాకుండా పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని విడిగా అడుగుతారు. అది బ్యాక్‌లాగుల సంజాయిషీకి కాదు, ఎలాంటి ఇంటి నుంచి, ఎలాంటి దారిలో వచ్చావో చెప్పడానికి.

నువ్వు తలనొప్పి అన్న ఆ 26, 21 ఉన్నాయే, నిజంగా వివరణ ఇచ్చుకోవాల్సింది వాటికే. నువ్వు 2020లో ఇంటర్‌లో చేరావు. ఫస్టియరంతా ఫోన్‌లో పాఠాలు. పరీక్షలు మార్చిలో జరగలేదు, సెకండియర్‌లోకి వెళ్లాక 2021 అక్టోబర్ చివర్లో మొదలుపెట్టారు. డిసెంబర్‌లో ఫలితాలొస్తే 49 శాతం మందే పాసయ్యారు, సగం కూడా కాదు. గొడవలయ్యాయి, ఆఖరికి ప్రభుత్వం ఫెయిలైనవాళ్లందరికీ పాస్ మార్కులు వేసేసింది. మీ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, మ్యూనిక్‌లో ఎవరికి తెలుసు? అమెరికాలో ఎంఎస్‌కి ఇంటర్ మెమో పెద్దగా చూడరు, జర్మనీవాళ్లు ఇంటర్ మెమోలు కూడా అడుగుతారు. కాబట్టి మూడు లైన్లు రాసి పెట్టుకో: కోవిడ్ ఏడాది, ఆన్‌లైన్ క్లాసులు, ఆలస్యంగా పెట్టిన పరీక్ష, ప్రభుత్వం ఇచ్చిన కనీస మార్కులు, తర్వాత సెకండియర్‌లో నీకు వచ్చినవి ఇన్ని. ఇది సాకు కాదు, రాష్ట్రం మొత్తానికీ జరిగింది. నీ తప్పు లేనిచోట సిగ్గుపడి, ఉన్నచోట డెంగీ వెతుక్కుంటున్నావు.

చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తా.

లండన్‌లో బ్యాచిలర్స్‌కి పెడుతున్న గుంటూరు అమ్మాయికి: యూకాస్‌లో, అంటే బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి అప్లికేషన్‌లో, నీ కష్టం నువ్వు పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రాయనక్కర్లేదు. నీ టీచర్ ఇచ్చే రిఫరెన్స్‌లో మూడు భాగాలుంటాయి, మధ్య భాగం సరిగ్గా ఇందుకే పెట్టారు. టీచర్‌కి ముందే చెప్పు, ఏం రాయొచ్చో ఏం రాయకూడదో కూడా నువ్వే చెప్పు. పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 అడ్మిషన్ల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం 4,000 అక్షరాలే, దాన్ని సబ్జెక్టుకి వాడుకో.

నీట్ లాంగ్ టర్మ్ రెండేళ్లు తీసుకుని ఇప్పుడు అమెరికాలో బయాలజీ చదువుదామనుకుంటున్న కర్నూలు అబ్బాయికి: ఇంటర్‌కీ ఇప్పటికీ మధ్య రెండేళ్లు ఏం చేశావని తప్పకుండా అడుగుతారు. లాంగ్ టర్మ్ అన్న మాట వాళ్లకి అర్థం కాదు. దేశంలో ఏటా ఇరవై లక్షల మందికి పైగా రాసే ఒకే ఒక పరీక్ష, దానికి పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా హాస్టల్‌లో చదువు, అని విడమరిచి రాయి. ఆ రెండేళ్లలో క్లబ్బులూ ఆటలూ ఎందుకు లేవో దానంతటదే అర్థమవుతుంది. సీటు రాలేదని కూడా రాసెయ్, దాచితే ఇంకేదో అనుకుంటారు.

ఈఏపీసెట్ రోజు తాతయ్య పోయారు, ర్యాంకు దెబ్బతింది, కౌన్సెలింగ్‌లో ఎవరికి చెప్పుకోవాలి అని అడిగిన నల్గొండ అమ్మాయికి: ఎవరికీ చెప్పుకోలేవు తల్లీ. అక్కడ ర్యాంకు, రిజర్వేషన్, ఎన్‌సీసీ, స్పోర్ట్స్ లాంటి సర్టిఫికెట్లు, అంతవరకే. ఎస్సేలూ ఇంటర్వ్యూలూ పెట్టే అశోకా, శ్రీసిటీలో ఉన్న క్రియా లాంటి ప్రైవేట్ యూనివర్సిటీల్లో అయితే చెప్పుకునే చోటు ఉంటుంది, ఫీజులు చూసుకుని ఆలోచించు.

ఆఖరి ఉత్తరం హైదరాబాద్ నుంచి. 'మేడమ్, నాకు చెప్పుకోదగ్గ కష్టమేమీ రాలేదు. అమ్మా నాన్నా బాగున్నారు, మార్కులు బాగున్నాయి. ఫ్రెండ్సందరూ ఏదో ఒకటి రాస్తున్నారు. ఆ పెట్టె ఖాళీగా వదిలేస్తే ఏమైనా అనుకుంటారా?'

ఏమీ అనుకోరు. వదిలెయ్.